బాపుకు వినిపించని చప్పుడు

రాత్రి పది కావస్తోంది. సిరిసిల్లలో సాంచాల చప్పుడు పూర్తిగా ఆగే వేళంటూ ఉండదు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. రెండు వీధుల అవతల రాత్రి షిఫ్టు నడుస్తోంది, దడదడమని. ఆ చప్పుడు లేకపోతేనే ఆ ఊరివాళ్లకు నిద్ర పట్టదు. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగిన పద్దెనిమిదేళ్ల అమ్మాయి, ల్యాప్‌టాప్ ముందు రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చుంది.

‘బాపూ... మళ్ల కూత పెడ్తున్నది.’

తండ్రి కంచం ముందు నుంచి లేచాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, వంగి కీబోర్డుకు చెవి ఆనించాడు. కాసేపు అలాగే ఉన్నాడు.

‘ఏం ఇనవడ్తలేదు బిడ్డా.’

‘ఉన్నది బాపూ. సన్నగ, ఈల లెక్క. తలకాయ నొస్తున్నది.’

‘సాంచాల సప్పుడుల పెరిగినదానివి. నాకే ఇనరాని సప్పుడుకు నీకు తల నొస్తదా?’

ఆ మాటలో కోపం లేదు. అలాగని నమ్మకమూ లేదు. ఆ ఇంట్లో నెల రోజులపాటు నలిగిన గొడవకు అదే మొదలు.

ఇది 2022 జనవరి నాటి సంగతి. అమ్మాయి బీటెక్ మొదటి సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. హైదరాబాద్ శివార్లలోని కాలేజీలో చేరి నిండా రెండు నెలలు కాలేదు, కరోనా మూడో విడత వచ్చిపడింది. సంక్రాంతి సెలవులకని ఇళ్లకు వచ్చిన పిల్లలు ఇళ్లలోనే ఉండిపోయారు. మళ్లీ ఆన్‌లైన్ పాఠాలు.

ఆ ల్యాప్‌టాప్ కొన్న తీరు కూడా చెప్పుకోవాలి. అంతకు ముందు బతుకమ్మ చీరల ఆర్డరు నడిచినన్నాళ్లూ తండ్రి రోజుకు పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడ్డాడు. తల్లి బీడీలు చుట్టిన పైసలు కొన్ని కలిశాయి. అన్నీ కలిపితే 19,500 రూపాయలు. కొత్తది కొనాలంటే దానికి రెండింతలు కావాలి. అందుకని సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగి, పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల మార్కెట్ అంతా తిరిగి, ఏదో పెద్ద ఆఫీసులో నాలుగేళ్లు వాడి వదిలేసినదాన్ని బేరమాడి తెచ్చాడు. నెల రోజుల వారంటీ. తిరుగు బస్సులో దాన్ని పైన సామాన్ల అరలో పెట్టనివ్వలేదు. ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.

హాస్టల్లో నలుగురు అమ్మాయిల గది. పైన ఫ్యాను, పక్కన ముచ్చట్లు. అక్కడ ఆ కూత ఎవరి చెవినా పడలేదు. ఇంటికొచ్చి, అందరూ పడుకున్నాక చదువుకుందామని తెరిచిన రాత్రి బయటపడింది. అప్పటికి వారంటీ దాటిపోయింది.

అసలు చిక్కు ఆ చప్పుడు కాదు, దాని నడవడి. పొద్దున ఆన్‌లైన్ క్లాసు జరుగుతున్నంతసేపు ఉండదు. తమ్ముడు యూట్యూబ్‌లో పాటలు పెట్టుకుంటే ఉండదు. క్లాసు అయిపోయి, పాఠం పీడీఎఫ్ తెరిచి, నిశ్శబ్దంగా చదువుకుందామని కూర్చుంటే మాత్రం ‘కీ...’ మని మొదలు. ఒక పేజీ చదివి రెండో పేజీకి జరిపేటప్పుడు అరక్షణం ఆగుతుంది. మళ్లీ అందుకుంటుంది.

అమ్మాయి ఈ సంగతంతా దాచకుండా తండ్రికి చెప్పింది. చెప్పడమే పొరపాటైంది!

‘పాటలప్పుడు రాదు. సిన్మా సూస్తె రాదు. సదువుమంటెనే వస్తదా సప్పుడు?’ అన్నాడాయన.

ఆయనదీ తప్పనలేం. బడికి పొమ్మంటే కడుపునొప్పి వచ్చే పిల్లల్ని చూడని తండ్రి ఎవరు? చదువుకునేటప్పుడు మాత్రమే వచ్చే చప్పుడు, అదీ ఇంటి పెద్దకు వినిపించని చప్పుడు అంటే, ఎవరికైనా ముందు అనుమానం యంత్రం మీదికి పోదు.

తల్లి మాత్రం ఒకరోజు బీరువా పక్కకు జరిపి చీపురుతో మూలలన్నీ ఊడ్చింది. ఏమిటే అంటే, ‘కీసురాయి సొచ్చింది. రాత్రిళ్లు ఒకటే మొత్తుకోలు’ అంది. ఆ రోజు ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే కథ అక్కడే తేలిపోయేది.

ఓ ఆదివారం తండ్రి ఒక్కడే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మళ్లీ సికింద్రాబాద్ వెళ్లాడు. దుకాణం కుర్రాడు అడుగు మూత విప్పాడు. చప్పుడంటే ఫ్యానే అన్నాడు. తుడిచాడు. తర్వాత ఎందుకైనా మంచిదని ఫ్యానే మార్చాడు. 1,400 రూపాయలు. ఏవో పరీక్షా ప్రోగ్రాములు నడిపి చూపించాడు. కూత లేదు. ఉన్నా ఆ బజారు గోలలో ఎవరికి వినబడుతుంది? పైగా ఆ పరీక్షలు నడుస్తున్నంతసేపు అది కూత పెట్టదు. ఎందుకో తర్వాత తెలుస్తుంది. వచ్చేముందు కౌంటరు దగ్గరి పెద్దమనిషి నవ్వుతూ ఓ మాటన్నాడు: ‘పాపకు సెకండ్‌హ్యాండ్‌ది నచ్చలేదేమోనన్నా. పక్కపిల్లల దగ్గర కొత్తవి చూసి ఉంటది.’

పద్నాలుగు వందలు పోయినందుకు కాదు గానీ, ఈ మాట మాత్రం ఆయనకు బస్సులో నూట ముప్ఫై కిలోమీటర్లూ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, ‘మంచిగనే ఉన్నదట’ అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి కూత అలాగే వచ్చింది. అమ్మాయి కూడా ఏమీ అనలేదు.

అప్పటి నుంచి ఆమె రాత్రిళ్లు ల్యాప్‌టాప్ తెరవడం మానేసింది. పాఠాలు ఫోన్లో చిన్న అక్షరాల్లో చదువుకునేది. ప్రోగ్రాములు నోట్‌బుక్‌లో పెన్నుతో రాసేది. కాగితం మీద ప్రోగ్రామ్ రాయడమంటే ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకోవడమే. మొదటి మిడ్ పరీక్షలో ‘సి’ భాషలోనే మార్కులు తగ్గాయి. తండ్రీకూతుళ్ల మధ్య మాటలు ‘తిన్నవా’, ‘తిన్న’ దాకా వచ్చి ఆగాయి.

ఓ మధ్యాహ్నం, అసైన్‌మెంట్ తప్పనిసరి కాబట్టి, మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచింది. ఒకటి నుంచి పది వరకు అంకెలు తెర మీద చూపించే ప్రోగ్రామ్. మొదటి సంవత్సరం పిల్లలందరూ చేసే తప్పే ఆమె కూడా చేసింది. అంకెను ప్రతిసారీ ఒకటి పెంచమని చెప్పడం మరిచిపోయింది. ఇంకేముంది! తెర నిండా 1, 1, 1, 1... వరద. ఇన్‌ఫినిట్ లూప్. ఆపేదాకా ఆగదు.

నాలుక కరుచుకుని ఆపబోయి, ఆగిపోయింది. కూత లేదు.

ప్రోగ్రామ్ ఆపింది. రెండు క్షణాల్లో కూత వచ్చింది. మళ్లీ నడిపింది. పోయింది. ఆపింది. వచ్చింది. లైటు స్విచ్ వేసి ఆర్పినట్టు!

కంప్యూటర్ ఊపిరాడకుండా పనిచేస్తుంటే నిశ్శబ్దం. ఏ పనీ లేకుండా ఉంటే చప్పుడు. అంటే, చదువుకునేటప్పుడే రావడం వింత కాదు. మనిషి చదువుతున్నంతసేపూ యంత్రానికి పని ఉండదు కాబట్టి రావలసిన వేళకే వస్తోంది. తనను అబద్ధాలకోరును చేసిన గుర్తే ఇప్పుడు జబ్బు పేరు చెప్పే గుర్తయింది.

ఆ సాయంత్రం తండ్రి షిఫ్టు దిగి వచ్చి స్నానం చేశాక, అమ్మాయి ఆయన ముందు ల్యాప్‌టాప్ పెట్టింది.

‘నన్ను నమ్మకు బాపూ. నువ్వే పరీక్ష పెట్టు.’

తెర మీద ఏమీ రాయకుండా ఊరికే తిరిగే చిన్న లూప్ రాసిపెట్టింది. ఎంటర్ నొక్కితే మొదలవుతుంది. కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆగుతుంది. ఆరో తరగతి చదివే తమ్ముడు గుమ్మం దగ్గర గోడవైపు తిరిగి నిలబడాలి. తండ్రి తన ఇష్టం వచ్చినట్టు నడపడమో ఆపడమో చేసి, కాసేపు ఆగి, ‘ఊ’ అనాలి. వాడు ‘ఉంది’ అనో ‘లేదు’ అనో చెప్పాలి. తండ్రి కాగితం మీద రాసుకోవాలి. ఇరవై సార్లు. అమ్మాయి వంటింట్లోకి వెళ్లి కూర్చుంది, సైగలు చేసిందన్న మాట రాకుండా.

ఆయన కూడా సామాన్యుడు కాదు. మూడుసార్లు వరుసగా ఏమీ నొక్కకుండా ‘ఊ’ అన్నాడు. ఒకసారి నొక్కినట్టు టకటకలాడించి నొక్కలేదు. పదో ప్రయత్నం దాటాక కాగితం పక్కన పెట్టి పిల్లవాడి వీపు వైపు చూస్తూ ఉండిపోయాడు. వాడు మాత్రం పెన్సిల్ ముక్కతో గోడ గీకుతూ, విసుగ్గా ‘ఉంది’, ‘లేదు’, ‘లేదు’, ‘ఉంది’ అంటూనే ఉన్నాడు.

ఇరవైకి ఇరవై.

బొమ్మాబొరుసూ వేసి ఊహించి చెబితే ఇరవైకి ఇరవై సరిపోవడం పది లక్షల్లో ఒక్కసారి జరిగే పని. ఆ లెక్క ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

‘మీ అమ్మను పిలువు’ అన్నాడు.

తల్లి బీడీల చాట పక్కన పెట్టి వచ్చింది. ఆమెకు పరీక్ష కూడా పెట్టలేదు. కూత రాగానే, ‘గిదే గదా కీసురాయి! దీంట్ల ఉన్నదా?’ అంది.

ఇంట్లో నలుగురు. ముగ్గురికి వినిపిస్తోంది. ఆయన మరోసారి వంగి, ఈసారి రెండో చెవి ఆనించాడు. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి లేచి, ‘మీ సార్‌కు ఫోన్ చెయ్యి. ఎట్ల బాగైతదో అడుగు’ అన్నాడు.

కాలేజీలో ల్యాబ్ చూసే సారు సంగతి వినీ వినగానే నవ్వాడట. ‘అది చెడిపోలేదమ్మా. నిద్రపోతోంది. గురక పెడుతోంది’ అన్నాడు.

నిజంగానే అంతకంటే బాగా చెప్పడం కష్టం. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కు మెదడు. సెకనుకు రెండు వందల కోట్ల లెక్కన గడియారపు టిక్కులు కొట్టుకుంటూ పనిచేస్తుంది. కానీ మనం ఓ పేజీ చదువుతూ కూర్చుంటే దానికి చేసేందుకేముంది? నూటికి తొంభై పాళ్లకు పైగా సమయం ఖాళీయే. ఖాళీగా ఉన్నా కరెంటు ఎందుకు తాగాలని ఇంజినీర్లు దానికి నిద్ర నేర్పారు. ఆ నిద్రలో మెట్లున్నాయి. వాటినే సి-స్టేట్స్ అంటారు. సి-0 అంటే మెలకువ. సి-1 అంటే కునుకు. అక్కడి నుంచి సి-3, సి-6, ఇంకా కిందికి దిగినకొద్దీ గాఢనిద్ర. ఒక్కో మెట్టు దిగుతూ గడియారం ఆపేస్తుంది, లోపలి చిన్న మెమరీ ఖాళీ చేసుకుంటుంది, చివరకు చాలా భాగాలకు కరెంటే కట్ చేస్తుంది. బ్యాటరీ గంటల తరబడి వస్తోందంటే ఈ నిద్ర చలవే.

అయితే ఇది మన నిద్ర కాదు. రాత్రి పడుకుని పొద్దున లేచేది కాదు. ఏదైనా పని వచ్చిందేమో చూసుకోవడానికి గడియారం దాన్ని తట్టి లేపుతూనే ఉంటుంది. విండోస్‌లో మామూలుగా సెకనుకు 64 సార్లు. కొన్ని ప్రోగ్రాములు అడిగితే సెకనుకు 1000 సార్లు కూడా. లేచిన ప్రతిసారీ చటుక్కున కరెంటు గుంజుతుంది, మళ్లీ పడుకోగానే వదిలేస్తుంది. బడికి వెళ్లే పిల్లవాణ్ని నిమిషానికోసారి లేపి పడుకోబెడితే ఇల్లెంత గోలగా ఉంటుందో ఊహించుకోండి!

ఆ గోల చేసేది ప్రాసెసర్ కాదు, దాని పక్కనుండే చిన్నచిన్న భాగాలు. కరెంటును అదుపు చేసి అందించే రాగితీగ చుట్టలుంటాయి. వాటి పక్కన బియ్యపుగింజకన్నా చిన్న సిరామిక్ కెపాసిటర్లుంటాయి. ఈ సిరామిక్‌కు ఓ గుణం ఉంది. దానిమీద వోల్టేజి మారితే కంటికి కనిపించనంత మేర ముడుచుకుని సాగుతుంది. ఒత్తిడికీ విద్యుత్తుకూ ఉన్న ఈ బంధాన్ని 1880లో పియర్ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ స్ఫటికాల్లో మొదట కనిపెట్టారు. గ్యాస్ లైటర్‌లో టక్కున నిప్పురవ్వ వచ్చేది కూడా దాని పుణ్యమే. కెపాసిటర్ ఒక్కటే వణికితే వినబడదు. కానీ దాన్ని సర్క్యూట్ బోర్డుకు టంకం పెట్టి అతికించారు కదా! బోర్డంతా డప్పు మీది తోలులా దానితోపాటు వణుకుతుంది. అదీ కూత. దానికి తోడు, ప్రాసెసర్ నిద్రలో కరెంటు తక్కువ తాగుతుంది కాబట్టి దానికి కరెంటు అందించే సర్క్యూటు కూడా పొదుపుగా, విడతలు విడతలుగా పనిచేస్తుంది. మామూలుగా సెకనుకు లక్షలసార్లు, అంటే మన చెవికి అందనంత వేగంగా ఆడేది కాస్తా నెమ్మదించి, మనిషి వినగలిగే 20 వేల లోపుకు దిగివస్తుంది.

ఇదంతా మనకు తెలియనిదేమీ కాదు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉన్న సీలింగు ఫ్యానును ఒకటో నంబరులో పెట్టి చూడండి. ‘గుయ్’ మంటుంది. ఐదుకు తిప్పితే మానేస్తుంది. తక్కువ వేగంలో ఆ రెగ్యులేటర్ కరెంటును ముక్కలుముక్కలుగా కోసి ఇస్తుంది. ఫ్యాను లోపలి చుట్టలు ఆ కోతలకు మూలుగుతాయి. అమ్మాయి ఇలా చెబితే తండ్రికి ఇట్టే అర్థమైంది. షెడ్డు బయటి ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు మూలుగుతుందో ఆయనే తిరిగి చెప్పాడు.

ఈ జబ్బు ఆ ఇంటి ల్యాప్‌టాప్‌తో మొదలైంది కాదు. లినక్స్ 2.6 రకం 2003 చివర్లో వచ్చినప్పుడు గడియారపు పిలుపులను సెకనుకు 100 నుంచి 1000కి పెంచారు. కొన్ని ల్యాప్‌టాప్‌లు వెంటనే వెయ్యి హెర్ట్జ్ శ్రుతిలో పాడటం మొదలెట్టాయి. 2006లో ఇంటెల్ కోర్ డ్యుయో ప్రాసెసర్లతో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోల సంగతి ఇంకా తమాషా. కొందరికి సన్నని కూత వినిపించింది. కెమెరాతో ఫొటో తీసుకునే ఫొటో బూత్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఉంచితే ఆగిపోతోందని వాళ్లే కనిపెట్టారు. కెమెరా నడుస్తుంటే ప్రాసెసర్‌కు గాఢనిద్ర కుదరదు మరి! కూత వినలేక, అద్దంలో చూసుకుంటున్నట్టు తమ ముఖమే తెర మీద పెట్టుకుని పనిచేసుకున్నారన్నమాట. సిరిసిల్ల అమ్మాయి తప్పుగా రాసిన లూప్ చేసిన పనీ అదే.

మరి లూప్ నడుపుతూ చదువుకోవచ్చు కదా? రెండు రోజులు అదే చేసింది. పదినిమిషాలకు ల్యాప్‌టాప్ వేడెక్కి, కొత్తగా వేయించిన ఫ్యాను బుసలు కొట్టడం మొదలెట్టింది. సన్నకూత పోయి పెద్దచప్పుడు వచ్చింది. ‘పద్నాలుగు వందల ఫ్యాను మంచిగనే తిరుగుతున్నది’ అన్నాడు తండ్రి. నెల తర్వాత ఆ ఇంట్లో వేళాకోళం వినిపించడం అదే మొదలు.

సారు చెప్పినవి ఒకటొకటిగా చేశారు. ఛార్జర్ పెట్టి చూశారు. కూత కొంచెం తగ్గింది, పోలేదు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ కనీస వేగం నూరు శాతానికి పెట్టారు. కూత శ్రుతి మారింది, ఆగలేదు. అది మెలకువలో ఉన్నప్పటి వేగాన్ని మార్చే మీట, నిద్రను ఆపేది కాదు. చివరకు ఓ సాయంత్రం, సారు ఫోన్ స్పీకర్‌లో ఉండగా, ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్-2 మీట నొక్కి బయోస్‌లోకి వెళ్లారు. విండోస్ రాకముందే వచ్చే తెర అది. ‘పెర్ఫార్మెన్స్’ అనే చోట ‘సి-స్టేట్స్ కంట్రోల్’ అని ఉంది. పక్కన టిక్కు. ‘ఆ టిక్కు ఒక్కటే తీసెయ్. ఇంకేదీ ముట్టుకోవద్దు’ అన్నాడు సారు. ఈ ఆప్షన్ అన్ని ల్యాప్‌టాప్‌లలో ఉండదు. వాళ్ల అదృష్టం, అందులో ఉంది.

మౌస్ బాణాన్ని టిక్కు మీదికి తెచ్చి, అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ‘నువ్వు తియ్యి బాపూ.’

తీశాడు. ల్యాప్‌టాప్ మళ్లీ ఆన్ అయింది. పీడీఎఫ్ తెరిచారు. తమ్ముణ్ని గోడవైపు నిలబెట్టారు. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

‘ఏమైందిరా?’

‘ఏం లేదు. ఆగిపోయింది. ఇంక నేను పోతున్న’ అని వాడు ఆడుకోవడానికి పారిపోయాడు.

ఊరికే రాలేదు ఆ నిశ్శబ్దం. అంతకు ముందు మూడు గంటలు వచ్చే బ్యాటరీ రెండు గంటలకే దిగిపోతోంది. ల్యాప్‌టాప్ కింద చెయ్యి పెడితే ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటోంది. ఆ కూతవల్ల యంత్రానికి వచ్చే ప్రమాదమేమీ లేదని సారు చెప్పాడు కూడా. వినిపించనివాళ్లకు దాన్ని అలాగే వదిలేయడమే లాభం. కానీ అది రాత్రిళ్లు చదువుకునే పిల్ల బల్ల మీద ఉండే యంత్రం. ఛార్జర్ పెట్టుకుని చదువుకుంటుంది, అంతే.

ల్యాప్‌టాప్ సంగతి అలా తేలింది. తేలనిది తండ్రి చెవుల సంగతి.

వయసుతోపాటు మనిషి చెవి పైశ్రుతుల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే వదులుకుంటూ వస్తుంది. ఇది ఎంత నిజమంటే, దీనిమీదే ఓ యంత్రం వచ్చింది. వేల్స్‌లోని మెర్తిర్ టిడ్‌ఫిల్‌కు చెందిన హోవార్డ్ స్టేపుల్టన్ 2005లో ‘మస్కిటో’ అనే పెట్టె తయారుచేశాడు. దుకాణాల ముందు గుంపుగా చేరే కుర్రకారును చెదరగొట్టడానికి! అది 17 వేల హెర్ట్జ్ దాటిన కీచుధ్వని చేస్తుంది. పాతికేళ్లలోపు వాళ్లు భరించలేరు. పెద్దలకు అసలు వినపడదు. పిల్లలు తక్కువ తిన్నారా? అలాంటి ధ్వనినే ఫోన్ రింగ్‌టోన్‌గా పెట్టుకుని, టీచర్ వీపు ఇటు తిప్పకుండానే క్లాసులో మెసేజ్‌లు అందుకున్నారు. 2006లో స్టేపుల్టన్‌కు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. నవ్వించి ఆపై ఆలోచింపజేసే పరిశోధనలకు ఏటా ఇచ్చే బహుమతి అది.

సిరిసిల్ల తండ్రి విషయంలో మాత్రం వయసొక్కటే కాదు. ఆయనకు నలభై ఎనిమిది. తల్లికి నలభై మూడు. ఐదేళ్ల తేడాకు అంత తేడా రాదు. తేడా ఎక్కడుందంటే, ఆమె ఇంట్లో బీడీలు చుట్టింది, ఆయన ఇరవై ఆరేళ్లు సాంచాల మధ్య నిలబడ్డాడు.

మార్చిలో అమ్మాయి తిరిగి హాస్టల్‌కు వెళ్లేముందు పట్టుబట్టి ఆయన్ను కరీంనగర్‌లో చెవి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినబడగానే బటన్ నొక్కమన్నారు. తమ్ముడికి తాను పెట్టిన పరీక్షే ఇప్పుడు ఆయనకు పెట్టారు. 500, 1000, 2000 హెర్ట్జ్ దాకా గీత బాగానే నడిచింది. 3000 దగ్గర దిగడం మొదలైంది. 4000 దగ్గర బావిలో పడ్డట్టు పడింది.

డాక్టర్ ఆ గుంతను పెన్నుతో చూపించి, ‘ఏం పని చేస్తారు?’ అనడిగాడు. గీత చూశాకే అడిగాడు. పెద్ద చప్పుళ్ల మధ్య పనిచేసేవారి చెవి మొదట దెబ్బతినేది ఆ చోటే. మామూలు మాట 60 డెసిబెల్స్ ఉంటే, మరమగ్గాల షెడ్డులో 90 దాటుతుంది. కార్ఖానాల్లో ఎనిమిది గంటల పనికి మన నిబంధనలు పెట్టిన హద్దే 90. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి గొట్టంలో ఉండే సన్నని రోమకణాలు ఆ హోరుకు రాలిపోతాయి. మనుషుల్లో అవి తిరిగి మొలవవు. మాటలు చాలావరకు వినబడుతూనే ఉంటాయి కాబట్టి మనిషికి తెలియదు. ఎదుటివాళ్లు గొణుగుతున్నారనుకుంటాడు. టీవీ సౌండ్ పెంచుతాడు. ఇంట్లో ఎవరైనా ఏదో చప్పుడు వస్తోందంటే, లేదంటాడు.

‘పోయింది రాదు. ఉన్నది కాపాడుకోవాలి’ అని డాక్టర్ చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు రాసిచ్చాడు.

బయట బస్టాండులో చాయ్ తాగుతూ ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘నువ్వు చెప్పినప్పుడు...’ అని మొదలుపెట్టాడు. ఇంతలో సిరిసిల్ల బస్సు వచ్చింది. ఇద్దరూ పరుగెత్తారు. ఆ మాట అక్కడే ఉండిపోయింది.

మర్నాటి నుంచి బిరడాలు పెట్టుకుని షెడ్డుకు వెళ్లాడు. మొదటి వారం తోటివాళ్లు నవ్వారు. పోగు తెగితే సాంచ చప్పుడు మారుతుంది, అది వినబడదేమోనని ఆయనకూ భయమే. వినబడింది. హోరు తగ్గింది, తేడా తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు తమకూ తెమ్మన్నారు.

అమ్మాయి బీటెక్ 2025లో పూర్తయింది. ల్యాప్‌టాప్ తమ్ముడి చేతికొచ్చింది. వాడు బ్యాటరీ మార్పించాడు, ఎవరో చెప్పారని బయోస్ అప్‌డేట్ కూడా చేశాడు. దాంతో లోపలి సెట్టింగులన్నీ మొదటికొచ్చాయి. ఆ రాత్రి వాడు పుస్తకం తెరిచి కూర్చుని కేకేశాడు.

‘బాపూ, మళ్ల కూత పెడ్తున్నది!’

మంచం మీద పడుకున్న ఆయన లేవలేదు. వంగి చెవి ఆనించి చూడలేదు.

‘బందు చేసి ఆన్ చెయ్యి. ఎఫ్-2 నొక్కు. పెర్ఫార్మెన్స్‌ల ఉంటది, కింద. టిక్కు తియ్యి’ అన్నాడు, కళ్లు మూసుకునే.